ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో డోర్ ఎర్రర్: బోర్డు మార్చాలంటున్నారు, నిజమేనా?

నిజాంపేట్ నివాసి | శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్, కొని ఆరేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయట్లేదు. రాస్తే థ్రెడ్ మొత్తం ‘అసలు ఆ కంపెనీది ఎందుకు కొన్నారు’ దగ్గరే తిరుగుతుంది.

బట్టలేసి స్టార్ట్ నొక్కితే కాసేపాగి డిస్‌ప్లేలో డీఈ అని చూపించి కీచుమంటోంది. డోర్ తీసి మళ్లీ వేస్తే ఒక్కోసారి నడుస్తుంది. నడిచినా నమ్మకం లేదు, స్పిన్‌కి వెళ్లేటప్పుడు మళ్లీ అదే డీఈ. లోపల తడిబట్టలు, బయట మా అమ్మ టెన్షన్.

సర్వీస్ సెంటర్ నుంచి ఒకతను వచ్చాడు. డోర్ రెండుసార్లు వేసి తీసి, ‘పీసీబీ పోయింది సార్, 9,200 అవుతుంది’ అన్నాడు. పీసీబీ అంటే మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. స్క్రూడ్రైవర్ బ్యాగులోంచి బయటికే తీయలేదు. సరే అనే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను. నా దగ్గర చిన్న డిజిటల్ మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. ఇంట్లో చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

సాగరతీరం | శనివారం, ఉదయం 9:05

మాకూ ఇదే వచ్చింది అన్నయ్యా. మా దాంట్లో తప్పు తలుపుకున్న కొక్కెంది. లోపలి స్ప్రింగు జారిపోయి కొక్కెం వేలాడుతోంది, లాక్ కన్నంలోకి సూటిగా వెళ్లట్లేదు. డోర్ లోపలి ప్లాస్టిక్ రింగు స్క్రూలు తీసి స్ప్రింగు సరిచేస్తే అయిపోయింది. కొక్కేన్ని వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి, వదలగానే వెనక్కి రావాలి.

మల్టీమీటర్ మావయ్య | శనివారం, ఉదయం 9:25

డోర్ లాక్ అయిందన్న కబురు బోర్డుకి అందలేదు. డీఈ అంటే అంతే. ఎందుకు అందలేదో ఆ రెండక్షరాలు చెప్పవు. కబురు తెగడానికి నాలుగు చోట్లున్నాయి: తలుపు కొక్కెం, లాక్, వైరు, బోర్డు. వీటిలో అన్నిటికంటే ఖరీదైంది బోర్డు. మీ దగ్గరికొచ్చినతను ఆఖరి నుంచి మొదలెట్టాడు.

పనిముట్టు ముట్టకుండా ముందు ఇవి చూసి చెప్పండి. స్టార్ట్ నొక్కాక కొన్ని సెకన్లలో డోర్ దగ్గర ‘టిక్’ మని చప్పుడు వస్తోందా? డోర్‌ని కాస్త పైకెత్తి పట్టి వేస్తే తేడా ఉందా? ఉంటే హింజ్ అరిగి తలుపు కిందికి దిగిందని అర్థం. పిల్లలున్న ఇళ్లలో తలుపు పట్టుకుని ఊగుతారు కాబట్టి ఇది మామూలే. కొక్కెం దూరే కన్నంలో సబ్బు గడ్డకట్టిందా, నారపోగులు ఇరుక్కున్నాయా, టార్చి వేసి చూడండి. మీది హైదరాబాద్ బోరు నీళ్లయితే ఆ కన్నం చుట్టూ తెల్లటి ఉప్పు కూడా ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. దాంట్లోకి నూనె మాత్రం కొట్టకండి, దుమ్మంతా దానికి అంటుకుంటుంది.

ఇంకోటి. డిస్‌ప్లేలో వచ్చేది సీఎల్ కాదు కదా? చాలా మెషీన్లలో అది చైల్డ్ లాక్. దానికి కూడా విజిట్ చార్జీ కట్టినవాళ్లని నేనెరుగుదును.

నిజాంపేట్ నివాసి | శనివారం, ఉదయం 10:10

మావయ్య గారూ, సీఎల్ కాదు, డీఈ యే. కొక్కెం గట్టిగానే ఉంది, స్ప్రింగు లాగుతోంది. డోర్ ఎత్తి వేసినా తేడా లేదు. కన్నం తుడిచాను, సబ్బు పేరుకుంది కానీ తీసేశాక కూడా అంతే. టిక్ చప్పుడు: నడిచినప్పుడు వస్తోంది, డీఈ వచ్చినప్పుడు రావట్లేదు.

కరీంనగర్ పోరడు | శనివారం, ఉదయం 10:30

అన్నా, ఎందుకింత కష్టం? నేనైతే డైరెక్ట్ చేసిన. మూత స్విచ్‌కి పోయే రెండు వైర్లు కోసి కలిపి టేప్ చుట్టిన. ఏడాది నుంచి మస్తు నడుస్తుంది. మాది టాప్ లోడ్.

మల్టీమీటర్ మావయ్య | శనివారం, ఉదయం 10:50

తమ్ముడూ, ఫ్రంట్ లోడ్‌లో ఆ పని చేసినా నడవదు. చాలా బోర్డులు స్టార్ట్ నొక్కగానే ముందు లాక్ కాంటాక్టు తెరిచి ఉందా అని చూస్తాయి. తర్వాత లాక్‌కి కరెంటిచ్చి, ఇప్పుడు మూసుకుందా అని చూస్తాయి. వైర్లు కలిపేస్తే మొదటి నుంచీ మూసే ఉంటుంది, దానికీ ఎర్రరే.

నడిచే టాప్ లోడ్‌లో అసలే వద్దు. ఓ లెక్క చెప్తాను. డ్రమ్ము అడ్డంగా 48 సెంటీమీటర్లు అనుకోండి, స్పిన్ నిమిషానికి 1,200 చుట్లు. డ్రమ్ము అంచు సెకనుకి సుమారు 30 మీటర్లు, అంటే గంటకి 108 కిలోమీటర్లు. టాప్ లోడ్ స్పిన్ కాస్త తక్కువే, నిమిషానికి 700 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. అయినా ఓ చీరకొంగు డ్రమ్ములోకి పోతే దాంతోపాటు మనిషి చెయ్యి పోవడానికి ఆ వేగం చాలు. మూత తీయగానే డ్రమ్ము ఆగాలని అక్కడ స్విచ్ పెట్టింది అందుకే. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇవాళే ఆ టేపు విప్పండి.

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 11:00

స్విచ్ బైపాస్ చేసే పద్ధతులు ఇక్కడ వివరించకూడదన్నది వేదిక నియమం. పై సందేశంలో దాని గురించి ఇంకేం చేర్చకండి. మిగతా చర్చ కొనసాగించవచ్చు.

కరీంనగర్ పోరడు | శనివారం, ఉదయం 11:12

సరే అన్నా, కొట్టకండి. మరి కొత్త స్విచ్ ఎంత పడుతుంది?

పాత రేడియో | శనివారం, ఉదయం 11:40

తెనాలిలో రిపేరు షాపు నాది. టాప్ లోడ్ మూతలో రెండు రకాలొస్తాయి. ఒకటి మీటతో నొక్కుకునే మామూలు మైక్రో స్విచ్. రెండోది మూతలో చిన్న అయస్కాంతం, బాడీలో ఆ అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే రీడ్ స్విచ్. అయస్కాంతం రకంలో స్విచ్ బాగానే ఉండి, మూతలోంచి అయస్కాంతం ఊడి పడిపోవడం ఎక్కువ చూస్తాను. ముందు అది ఉందో లేదో చూసుకో బాబూ, కొనే పని లేకపోవచ్చు. కొన్నా పెద్ద ఖర్చేం కాదు.

నిజాంపేట్ నివాసి గారికి: మావయ్య చెప్పిన దారి సరైందే. లాక్ బయటికి తీసి కొలవకుండా ఏ నిర్ణయానికీ రావొద్దు.

మల్టీమీటర్ మావయ్య | శనివారం, మధ్యాహ్నం 12:15

కొలిచే ముందు లాక్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే అంకెలు అర్థమవుతాయి. చాలా ఫ్రంట్ లోడ్లలో లాక్ లోపల బిళ్లలాంటి చిన్న హీటరు ఉంటుంది, దాన్ని పీటీసీ అంటారు. దాని మీద రెండు లోహాలు అతికిన పత్తీ. పాత ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లో ఉండే పత్తీ లాంటిదే. బోర్డు కరెంటు వదలగానే బిళ్ల వేడెక్కి పత్తీ వంగుతుంది, ఒక పిన్ను పైకి లేచి కొక్కేన్ని పట్టేస్తుంది, దాంతోపాటే కాంటాక్టు మూసుకుంటుంది. మీరు వినే టిక్ అదే. వాషింగ్ అయ్యాక ఒకటి రెండు నిమిషాలు డోర్ రాకపోవడం కూడా దీనివల్లే, బిళ్ల చల్లారాలి. ఈలోగా హ్యాండిల్ పట్టి గుంజేవాళ్లు హ్యాండిల్ విరగ్గొట్టుకుంటారు. కొన్ని మోడళ్లలో దీని బదులు సోలనాయిడ్, అంటే కరెంటిస్తే పిన్నుని లాగే తీగచుట్ట, ఉంటుంది, అది వెంటనే పడుతుంది, వెంటనే వదులుతుంది. దాని కొలతలు వేరు.

ఇప్పుడు పని. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకాలి. మన ఇళ్లలో ఫేజూ న్యూట్రలూ తారుమారుగా బిగించిన సాకెట్లు కోకొల్లలు, స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉండొచ్చు. ఇన్వర్టర్ మెషీన్ (మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు మార్చే రకం) అయితే ప్లగ్గు పీకాక కూడా పది నిమిషాలు ఆగండి. బోర్డు మీద కెపాసిటర్లలో 300 ఓల్టులకు పైగా నిలవ ఉంటుంది. నేల తడిగా ఉంటే తుడిచి చెప్పులేసుకోండి.

డోర్ తెరిచి రబ్బరు గాస్కెట్ బయటి అంచు చూడండి. దాన్ని బాడీకి పట్టి ఉంచే సన్నటి తీగ రింగు ఉంటుంది, కింది వైపు దానికో చిన్న స్ప్రింగు. బల్లపరుపు స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగు దగ్గర లేపితే రింగు వచ్చేస్తుంది. లాక్ ఉన్న వైపు గాస్కెట్ అంచుని లోపలికి మడవండి, మొత్తం పీకే పనిలేదు. కొక్కెం కన్నం పక్కన ఉన్న రెండు స్క్రూలు విప్పేటప్పుడు వెనక నుంచి ఇంకో చేత్తో లాక్‌ని పట్టుకోండి. లేకపోతే అది లోపల పడుతుంది, మీరు మెషీన్ పక్కకి వంచాల్సి వస్తుంది.

లాక్ మీద ఎల్ (ఫేజు), ఎన్ (న్యూట్రలు), సీ (కాంటాక్టు) అని చిన్న అక్షరాలుంటాయి. కనెక్టరు తీసి ఎల్‌కీ ఎన్‌కీ మధ్య ఓమ్స్ కొలవండి. పీటీసీ రకమైతే కొన్ని వందల నుంచి ఒకటిన్నర వేల ఓమ్‌ల లోపు ఎక్కడో రావాలి. సున్నా వచ్చినా, ఏమీ రాకపోయినా లాక్ పోయినట్టే. ఎల్‌కీ సీకీ మధ్య ఏమీ రాకూడదు. వస్తే కాంటాక్టు అతుక్కుపోయిందన్నమాట.

డల్లాస్ బావ | శనివారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడి మెషీన్లు వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. అమెరికాలో మామూలు సాకెట్ 120 ఓల్టులు, కాబట్టి ఇండియా లాక్ ఇక్కడ పనికి రాదు, ఇక్కడిది అక్కడా పనికి రాదు. మొన్నామధ్య మా స్నేహితుడొకడు సెలవులకి వెళ్లినప్పుడు చౌకగా దొరికిందని లాక్ కొనుక్కొచ్చాడు. కనెక్టరే పట్టలేదు. పట్టనందుకే సంతోషించాలి.

గుంటూరు కారప్పొడి | శనివారం, సాయంత్రం 4:05

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాకు ఉల్టా సమస్య. డోర్ పడింది, ఇక రావట్లేదు. లోపల మా ఆయన ఆఫీసు చొక్కాలు. గంటయింది ప్లగ్గు పీకి. పగలగొట్టమంటారా?

సాగరతీరం | శనివారం, సాయంత్రం 4:12

అయ్యో వద్దక్కా! అద్దంలోంచి చూడు, లోపల నీళ్లు నిలిచాయా? నీళ్లుంటే అది కావాలనే తెరవదు. కింద కుడివైపు చిన్న మూత ఉంటుంది కదా, డ్రెయిన్ ఫిల్టర్. దాని పక్కనున్న సన్న గొట్టం బయటికి లాగి, బిరడా తీసి, పళ్లెంలోకి నీళ్లు వంపెయ్. వేడినీళ్ల వాష్ అయితే మాత్రం చల్లారేదాకా ఆ ఫిల్టర్ జోలికి వెళ్లకు.

మల్టీమీటర్ మావయ్య | శనివారం, సాయంత్రం 4:30

సుబ్బరంగా చెప్పింది. నీళ్లు వంపాక కూడా రాకపోతే ఆ ఫిల్టర్ మూత వెనకే చూడమ్మా. చాలా మోడళ్లలో నారింజ రంగుదో ఎర్రదో చిన్న తాడు కానీ రింగు కానీ వేలాడుతుంటుంది. దాన్ని మెల్లగా కిందికి లాగితే లాక్ వదులుతుంది. అది లేని మోడల్ అయితే ప్లగ్గు పీకి ఉంచి, వెనకనున్న రెండు స్క్రూలు విప్పి పైమూత జరిపి, పైనుంచి లాక్ వెనక ఉన్న మీటని నొక్కాలి. నీళ్లు అసలు లేకపోయినా తెరవనంటే, నీటిమట్టం కొలిచే సన్న గొట్టంలో మురికి అడ్డుపడి మెషీన్ ఇంకా నీళ్లున్నాయనే అనుకుంటుండవచ్చు.

గుంటూరు కారప్పొడి | శనివారం, సాయంత్రం 5:20

నారింజ తాడు ఉంది! చొక్కాలు బయటపడ్డాయి. ఫిల్టర్‌లో ఓ రెండ్రూపాయల బిళ్ల, నా జడపిన్నులు, ఎవరిదో తెలియని గుండీ. ఉంటానండీ.

నిజాంపేట్ నివాసి | ఆదివారం, ఉదయం 11:15

మొత్తానికి లాక్ తీశాను. తీగ రింగు రావడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఎల్, ఎన్ మధ్య 1,040 ఓమ్స్. ఎల్, సీ మధ్య ఏమీ లేదు. అంటే లాక్ బాగున్నట్టేగా? చివరికి ఆ టెక్నీషియన్ చెప్పిందే నిజమా?

పాత రేడియో | ఆదివారం, ఉదయం 11:30

తొందరపడకండి. లాక్‌కీ బోర్డుకీ మధ్య వైరు ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.

మల్టీమీటర్ మావయ్య | ఆదివారం, మధ్యాహ్నం 12:00

వచ్చిన అంకె బాగుంది. కనెక్టరు తిరిగి లాక్‌కి పెట్టేయండి. ప్లగ్గు పీకే ఉండాలి. పైమూత తీసి బోర్డు దగ్గరికి వెళ్లండి. లాక్ నుంచి వచ్చిన వైర్ల కట్ట బోర్డులో ఎక్కడ దిగిందో చూసి, అక్కడ కనెక్టరు పీకి, ఆ వైపు నుంచి మళ్లీ ఎల్, ఎన్ కొలవండి. వైర్లు బాగుంటే లాక్ దగ్గర వచ్చిన 1,040 ఇక్కడా రావాలి. వస్తే తప్పు బోర్డుది. రాకపోతే దారిలో తెగింది. కొలుస్తూ వైర్ల కట్టని కొంచెం కొంచెం కదపండి, మీకు అప్పుడప్పుడూ నడుస్తోంది కాబట్టి అంకె గెంతులేయొచ్చు. ఎలుకలు తిరిగే బాల్కనీ అయితే కింది నుంచి కూడా టార్చి వేయండి. అడుగు తెరిచి ఉన్న మెషీన్లలో అవి కాపురమే పెడతాయి.

నిజాంపేట్ నివాసి | ఆదివారం, సాయంత్రం 5:45

దొరికింది!

బోర్డు వైపు నుంచి కొలిస్తే మీటరు ఏమీ చూపించలేదు. వైరు కదిపితే 1,100, తర్వాత 3,000 పైన, మళ్లీ ఏమీ లేదు. ఎలుక కొరికిన జాడ ఎక్కడా లేదు. సరే అని లాక్ దగ్గర కనెక్టరు మళ్లీ పీకి ఈసారి దాని నోట్లోకి టార్చి వేశాను. నిన్న తొందరలో చూడలేదు కానీ, మూడు కన్నాల్లో రెండు మెరుస్తున్నాయి, ఎల్ దగ్గరది మాత్రం లోపలంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. పాత ఇత్తడి బిందె అడుగున ఉండే రంగు. దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగింది. లాక్ మీద దానికెదురుగా, కనెక్టరులోకి దూరే పత్తీ కూడా నల్లబడింది. గోటితో గీకితే పొడి రాలింది.

ఫోటో పెట్టాను. ఇప్పుడేం చేయాలి? గీకి పెట్టేస్తే సరిపోతుందా?

పాత రేడియో | ఆదివారం, సాయంత్రం 6:10

చూశారా! ఇప్పుడు మీకో విషయం చెప్తాను. బోర్డు మార్చి ఉంటే మీ మెషీన్ నడిచేది. నిజంగానే నడిచేది. ఎందుకంటే మార్చేటప్పుడు ఆ వైర్ల కట్ట లాగుతారు, కనెక్టర్లు పీకి పెడతారు, ఆ రాపిడికి చిలుం కొంచెం వదిలి కాంటాక్టు కుదురుకుంటుంది. కొన్ని వారాలు బాగుండి మళ్లీ డీఈ. అప్పుడు ‘కొత్త బోర్డు కూడా పోయింది, మీ ఇంట్లో ఓల్టేజి బాలేదు, స్టెబిలైజర్ పెట్టించండి’ అంటారు. ఈ కథ నా షాపుకొచ్చే కస్టమర్ల నోట వింటూనే ఉంటాను.

అలాగని వచ్చిన కుర్రాడిని మరీ తిట్టుకోకండి. రోజుకి ఇన్ని కాల్స్ ముగించాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. గాస్కెట్ మడిచి, లాక్ తీసి, వైరు వెంబడి కొలిచేంత తీరిక వాళ్లకి ఎవరూ ఇవ్వరు. పార్టు మారిస్తే బిల్లు వస్తుంది, వైరు బాగుచేస్తే రాదు.

మల్టీమీటర్ మావయ్య | ఆదివారం, సాయంత్రం 6:40

ఎల్ పిన్నే కావడంతో రెండు లక్షణాలకీ లెక్క కుదిరింది. పీటీసీకి కరెంటు అందేది ఎల్ నుంచే, అది అందకపోతే టిక్ రాదు. చాలా మెషీన్లలో హీటరుకీ మోటారుకీ పోయే కరెంటు కూడా ఈ లాక్ కాంటాక్టు గుండానే వెళ్తుంది. 2,000 వాట్ల హీటరు అంటే 230 ఓల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. చిలుం పట్టిన పిన్నులో అంత కరెంటు పోతే అక్కడే వేడి పుడుతుంది, ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగింది అందుకే. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగడమూ అందుకే.

గీకి పెట్టేయకండి. పైపూత పోయిన పత్తీకి చిలుం ఇంకా త్వరగా పడుతుంది. కనెక్టరులో ఎల్ దగ్గరి లగ్గు, అంటే వైరు చివర బిగించే లోహపు కొస, మార్చాలి. సన్న సూదితో లోపలి నాలుకని నొక్కితే పాత లగ్గు వెనక్కి వచ్చేస్తుంది. వైరు నల్లబడినంత మేర కోసేసి, లోపల రాగి మెరుస్తున్న చోట కొత్త లగ్గు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. వైర్లు మెలితిప్పి టేప్ చుట్టే పని ఇక్కడ వద్దు. అది తడి తగిలే చోటు, పైగా అదిరే చోటు. పత్తీ నల్లబడింది కాబట్టి లాక్ కూడా కొత్తది వేయండి, బోర్డు ఖర్చుతో పోలిస్తే అదెంత.

కానీ అసలు ప్రశ్న మీరింకా అడగలేదు. అక్కడికి నీళ్లెలా వచ్చాయి? గాస్కెట్ వెనక పొడిగా ఉండాల్సిన చోటది. లాక్‌కి పైన ఉన్న రబ్బరు మడతలు విప్పి చూడండి.

నిజాంపేట్ నివాసి | ఆదివారం, రాత్రి 8:20

మావయ్య గారూ, మీరు చెప్పినట్టే మడతలు ఒక్కొక్కటే విప్పుతూ వెళ్తే, గడియారంలో రెండు గంటల ముల్లుండే చోట సన్నటి చీలిక. గోరంత కూడా లేదు, రబ్బరు సాగదీస్తే తప్ప కనిపించదు. దాని కింద మడతలో తుప్పు పట్టిన పిన్నీసు! అమ్మ చూసి ‘నా పిన్నీసే’ అంది. చీరకి పెట్టింది తీయకుండానే మెషీన్‌లో వేసేసినట్టున్నారు. అక్కడ గీరుకుపోయి, స్పిన్ తిరిగేటప్పుడల్లా సబ్బునీళ్లు చుక్కచుక్కగా నేరుగా లాక్ మీదికి కారుతున్నాయన్నమాట.

గాస్కెట్‌కి సైకిల్ పంక్చర్ ప్యాచ్ వేస్తే నిలుస్తుందా?

పాత రేడియో | ఆదివారం, రాత్రి 8:45

కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు నెట్టుకురావడానికైతే వేసుకోండి, అంతకుమించి నిలవదు. ఆ చోట రబ్బరు ప్రతి స్పిన్‌కీ ముడుచుకుని సాగుతుంది, ప్యాచ్ అంచు లేచిపోతుంది. కొందరు గాస్కెట్‌నే తిప్పేసి చీలికని పైకి తెస్తామంటారు. ఆ పని చేయకండి. అడుగున నీళ్లు పోవడానికి కన్నాలుంటాయి, అవి అడుగునే ఉండాలి.

డోర్ లోపలి అంచు మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద పూర్తి మోడల్ నంబరు రాసుకోండి. 7 కిలోలని చెప్పి కొంటే సరిపోదు, అదే కంపెనీలో ఏడు కిలోలకే రకరకాల గాస్కెట్లున్నాయి. పాత లాక్ కూడా చేత్తో పట్టుకెళ్లండి, పిన్నుల వరస చూసి తీసుకోండి.

సాగరతీరం | ఆదివారం, రాత్రి 9:00

హైదరాబాదే కదా, కోఠి గుజరాతీ గల్లీలో ఓసారి అడగండి అన్నయ్యా. లగ్గులూ క్రింపింగ్ ప్లయర్ కచ్చితంగా దొరుకుతాయి. గాస్కెట్ అక్కడ లేకపోతే కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లోనే తీసుకోండి. ఆన్‌లైన్‌లో ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని అమ్మేవి నాకు రెండు వేళ్లు వెడల్పు తక్కువొచ్చాయి.

నిజాంపేట్ నివాసి | శుక్రవారం, రాత్రి 9:30

పని అయింది. లగ్గు కోఠిలో, లాక్ కూడా అక్కడే. గాస్కెట్ మాత్రం కంపెనీ స్పేర్స్‌లో ఆర్డరు పెడితే వచ్చింది. అన్నీ కలిపి బోర్డుకి అడిగిన దాంట్లో మూడో వంతు కాలేదు.

గాస్కెట్ వేయడం మాత్రం ఒక్కడి వల్ల కాదు, మా తమ్ముడు ఒకవైపు పట్టుకున్నాడు. లోపలి రింగు బిగించడమే కష్టం. రబ్బరు అంచుకి కాస్త గిన్నెలు తోమే సబ్బునీళ్లు రాస్తే జారి కూర్చుంది. బయటి తీగ రింగుకి స్ప్రింగు అడుగున ఉండేలా చూసుకున్నాం.

బట్టల్లేకుండా ఒకసారి రిన్స్, స్పిన్ వేసి, పూర్తయ్యాక ప్లగ్గు పీకి పైమూత జరిపి టార్చితో లాక్ మీదికి చూశాను. పొడిగా ఉంది. బోర్డు వైపు నుంచి కొలిస్తే కొత్త లాక్‌కి 980 ఓమ్స్ వస్తోంది, వైరు ఎంత కదిపినా మారట్లేదు. ఈ వారమంతా చేత్తో ఉతికిన అమ్మ మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమంది.

మల్టీమీటర్ మావయ్య | శుక్రవారం, రాత్రి 9:50

శుభం. ఆ 980 అంకెని మెషీన్ పక్కన ఎక్కడైనా రాసి అంటించండి. మళ్లీ ఎప్పుడైనా డీఈ వస్తే ముందు బోర్డు వైపు నుంచి కొలిచి దీంతో పోల్చుకోవచ్చు, గాస్కెట్ విప్పే పనుండదు.

కొత్తావకాయ | ఆదివారం, ఉదయం 7:55

థ్రెడ్ మొత్తం చదివాను. మాది సెమీ ఆటోమేటిక్. ఉతకడం బాగానే ఉంది, డ్రైయర్ వైపు మాత్రం టైమర్ తిప్పితే తిరగట్లేదు. దాని మూతకి కూడా ఇలాంటి స్విచ్ ఉంటుందా?

పాత రేడియో | ఆదివారం, ఉదయం 8:30

ఉంటుందమ్మా, కానీ అది చాలా సాదాది. డ్రైయర్ మూత వేయగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, పైన ప్యానెల్ లోపల సన్నటి రాగి పత్తీలు రెండు కలుసుకుంటాయి, అదే స్విచ్. రెండు, మూతకి కట్టిన తీగ కింద మోటారు దగ్గరి బ్రేకుని వదులుతుంది. మూత తీస్తే పత్తీలు విడిపోతాయి, బ్రేకు పడుతుంది.

కాబట్టి ముందు చెవితో తేల్చుకోవచ్చు. మూత వేసి టైమర్ తిప్పితే మోటారు ‘ఊఁ’ అని మూలుగుతూ తిరగట్లేదా? అయితే స్విచ్ బాగున్నట్టే. కెపాసిటర్ బలహీనపడిందో, బ్రేకు వదలట్లేదో చూడాలి. మూలుగు కూడా లేదా? అప్పుడు మూత స్విచ్, టైమర్, మోటారుకి పోయే వైరు, ఈ వరసలో చూడండి. మూత కిందున్న ప్లాస్టిక్ కొమ్ము విరిగి పత్తీని నొక్కకపోవడం కూడా మామూలే.

కొత్తావకాయ | ఆదివారం, ఉదయం 8:50

మూలుగుతోంది, తిరగట్లేదు. బ్రేకు వదులుతోందో లేదో ఎలా చూడాలి? మూత వేస్తే లోపల చెయ్యి పెట్టలేను కదా.

పాత రేడియో | ఆదివారం, ఉదయం 9:10

ప్లగ్గు పీకి వెనక రేకు విప్పండి. మూత వేసే ఉంచి, వెనక నుంచి డ్రైయర్ మోటారు మీదున్న చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే బ్రేకు వదిలింది, కెపాసిటర్ మార్చండి. పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ అంకే కొత్తదాని మీదా ఉండాలి, ఓల్టులు తగ్గకూడదు. పాత కెపాసిటర్ కొసలు చేత్తో ముట్టుకోకండి, ప్లగ్గు పీకినా దాంట్లో చార్జి మిగిలి ఉండొచ్చు. చక్రం బిగుసుకుని ఉంటే తీగ సాగిందో, తెగిందో, తుప్పు పట్టి ఇరుక్కుందో చూడండి. ఆ తీగ ఫోటో తీసి కొత్త థ్రెడ్‌లో పెట్టండి.